గట్టు మీద పాముల ముద్ద: ఒక ఆడ నీరుకట్టె, ఆరు మగవి

సంక్రాంతి వెళ్ళిన వారం. పొద్దున్న ఏడున్నరకి కైకలూరు వైపు నుంచి ఫోన్ వచ్చింది. చేపల చెరువు రైతు. గొంతులో కంగారు తెలుస్తోంది.

"ఒకటి కాదండీ, కుప్ప. తాచు పిల్లల్ని వేసుకుని గట్టెక్కేసింది. పడగ కూడా ఎత్తిందండీ. మా కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. మీరొస్తానంటే ఆపుతాను."

"ఆపండి బాబాయ్ గారూ. అందర్నీ పది అడుగులు వెనక్కి ఉండమనండి. ముందు ఒక ఫోటో పెట్టండి" అన్నాను.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మసకగా ఉంది కానీ చాలినంత కనిపించింది. పెద్ద పాము ఒంటి మీద చదరంగం గళ్ళలాంటి నల్ల మచ్చలు. కంటి కింద నుంచి ఒకటి, కంటి వెనక నుంచి ఒకటి, రెండు నల్ల గీతలు నోటి వైపు దిగాయి. అంటే తాచు కాదు, నీరుకట్టె. మా ఊళ్ళలో ఎక్కువమంది నీళ్ళపాము అనేస్తారు. బెదిరితే మెడ చదును చేసి తల పైకెత్తుతుంది, అది చూసి తాచు అనుకుని చంపేస్తారు. రైతు పిల్లలన్నవి కూడా పిల్లలు కావు. నీరుకట్టె పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు జానెడు కూడా ఉండదు. వచ్చిన రోజు నుంచే దాని దారి దానిది, తల్లి వెంట తిరగదు. ఫోటోలో ఉన్నవి రెండేసి అడుగులున్నాయి.

పద్నాలుగేళ్ళుగా అటవీ శాఖ అనుమతితో పాముల్ని పట్టి వదిలే పనిలో ఉన్నాను. ఇలాంటి ముద్ద గురించి ఐదారు సార్లు ఫోన్ వచ్చింది. చాలాసార్లు వెళ్ళేసరికి విడిపోయి ఉండటమో, కొట్టి చంపేసి ఉండటమో జరిగేది. చాలాసేపు దగ్గర కూర్చుని చూడగలిగింది ఈ ఒక్కసారే.

చెరువు దగ్గర

నేను వెళ్ళేసరికి ఎనిమిదీ నలభై. ఐదెకరాల చెరువు, బొచ్చె, శీలావతి పెంచుతున్నారు. పక్కనే చేపపిల్లల్ని పెంచే చిన్న నారు చెరువు. తూము దగ్గర గుర్రపుడెక్క పేరుకుపోయింది, గట్టు వారంతా తూటికాడ. పొద్దుటి ఎండ తూము రాళ్ళ మీద పడుతోంది. రాత్రి చలికి బిగుసుకున్న పాములు వెచ్చబడటానికి అంతకంటే మంచి చోటు ఆ చెరువు మీద లేదు. ముద్ద ఆ రాళ్ళకీ నీళ్ళకీ మధ్యనే ఉంది.

కుర్రాళ్ళని వెనక్కి పంపి, పదిహేను అడుగుల దూరంలో మేత సంచి వేసుకుని కూర్చున్నాను. బైనాక్యులర్, నోట్‌బుక్, అడుగుకొక గీత పెట్టుకున్న వెదురు కర్ర, ఫోన్. పాముల్ని పట్టే హుక్ సంచిలోనే ఉంచేశాను.

మొదటి అరగంట లెక్కపెట్టడానికే పట్టింది. ముద్దలో ఒక శరీరం ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో కళ్ళకి అందదు. తలల్ని లెక్కపెడితే ఐదే వచ్చాయి, తోకల్ని లెక్కపెడితే ఏడు. తలలు ఒకదాని కింద ఒకటి దూరిపోతాయి, తోకలు మాత్రం బయటికి వస్తూ ఉంటాయి. అప్పటి నుంచి ఎవరికి చెప్పినా తోకలే లెక్కపెట్టమని చెబుతున్నాను.

వెదురు కర్రని ముద్దకి కాస్త ఎడంగా గట్టు మీద పడుకోబెట్టి, ఫోటోలు తీసి పొడవులు అంచనా వేశాను. పెద్దది మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు. మిగిలినవి రెండు నుంచి రెండున్నర అడుగుల మధ్య. పొడవు కంటే లావులో తేడా ఎక్కువ కనిపించింది. పెద్దదాని నడుము నా మణికట్టంత, మిగిలినవి బొటనవేలు కంటే కాస్త లావు. తూకం వేయలేదు. ఆ సమయంలో వాటిని ముట్టుకోవటం నాకు సమ్మతం కాదు.

ఏది ఆడ, ఏది మగ అనేది తోకని బట్టే చెప్పగలం. మగ పాము జననాంగాలు రెండు. వాటిని హెమిపెనిస్ అంటారు, తోక మొదట్లో లోపలికి ముడుచుకుని ఉంటాయి. అందుకే మలద్వారం దాటాక కూడా మగదాని తోక కొంత దూరం లావుగానే సాగి ఆ తర్వాత సన్నబడుతుంది. ఆడదానికి అక్కడే చటుక్కున సన్నబడిపోతుంది. ఒంటి పొడవుతో పోలిస్తే మగదాని తోక ఎక్కువ పొడుగు కూడా. ఇక్కడ చిక్కు ఏమిటంటే, పెద్దదాని తోక కొన ఎప్పుడో తెగిపోయింది. వేలెడంత మొండి ముక్క మిగిలింది, మాని నల్లబడిన పాత గాయం. పట్టుకుంటే తోక తెంచుకుని పారిపోయే అలవాటు నీరుకట్టెలకి ఉంది, బల్లిలా మళ్ళీ మొలవదు. కాబట్టి తోక పొడవు పక్కన పెట్టి మొదలు మాత్రమే చూశాను. చటుక్కున సన్నబడింది. ఆడది. మిగిలిన ఆరూ మగవే.

ఆ తెగిన తోక తర్వాత చాలా ఉపయోగపడింది.

ఏం జరిగింది

దూరం నుంచి చూసినవాళ్ళకి కొట్లాటలా ఉంటుంది. దగ్గర నుంచి చూస్తే ఒక్క మగది కూడా ఇంకో మగదాన్ని కరవలేదు, తల పైకెత్తి ఎదురు నిలబడలేదు. ప్రతిదాని ధ్యాసా ఆడదాని మీదే. నాలుక ఆడిస్తూ, గడ్డం దాని వీపుకి ఆనించి, తోక వైపు నుంచి తల వైపుకి పాకుతూ పోవటం. మధ్యమధ్య ఒళ్ళంతా చిన్నగా జెర్కులు. తల దగ్గరికి చేరాక తన ఒంటిని ఆడదాని ఒంటి వంపుల్లోనే పేర్చుకోవటం. అసలు పోటీ తోకల దగ్గర నడుస్తోంది. ఆరు తోకలు ఒక తోక కింద దూరటానికి మెలికలు తిరుగుతున్నాయి. ఒకటి దూరితే ఇంకోటి దాని కింద నుంచి వచ్చి పక్కకి తోస్తుంది. ఎవరి తోక ముందు సరైన చోటికి చేరితే అవకాశం దానిదే.

ఆడది మొత్తం సేపూ నెమ్మదిగా ఉంది. రెండుసార్లు ముందుకి పాకింది. పాకినప్పుడు ఆరు మగవాటినీ మోసుకుపోయినట్టే ఉంది. ఒకసారి నీళ్ళలోకి దిగి, గుర్రపుడెక్క మీద తల పెట్టి పది నిమిషాలు ఉండి, మళ్ళీ రాళ్ళ దగ్గరికి వచ్చింది. ఒక మగది జారిపోయి చెరువులోకి కొట్టుకుపోయింది. వెంటనే తిరిగి వచ్చి చేరిపోయింది.

పదీ యాభైకి ఒక మగదాని జత కుదిరింది. అది అన్నిటికంటే పెద్ద మగది కాదు, పొడవులో మూడోదో నాలుగోదో. మిగతావి వెంటనే విడిచిపెట్టలేదు. రెండు పాములు పక్కకి తప్పుకున్నాయి, మూడు అలాగే వీపు మీద ఉండిపోయాయి. పదకొండున్నరకి ఎండ ముదిరింది. ఆడది తూటికాడ నీడలోకి జరిగింది, జత కలిసిన మగదాన్ని తోకతో ఈడ్చుకుంటూ. పన్నెండూ ఇరవైకి విడిపోయాయి. ఒంటి గంటకి గట్టు మీద ఏ పామూ లేదు.

ఇంత పోటీలో ఆడదాన్ని మగవి వెతుక్కుంటూ ఎలా వచ్చాయి అని రైతు అడిగాడు. వాసనతో. సరైన మాట చెప్పాలంటే, ఒంటి మీది కొవ్వు పదార్థాల రుచితో. నీరుకట్టె కుటుంబంలోనే ఉండే గార్టర్ పాముల మీద అమెరికన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మేసన్ బృందం 1989లో దీన్ని రుజువు చేసింది. ఆడదాని చర్మం మీద మిథైల్ కీటోన్లు అనే రసాయనాలుంటాయి. మగది నాలుకతో వాటిని అందుకుని నోటి పైకప్పులోని అవయవానికి చేరవేస్తుంది. గార్టర్ పాములు కెనడాలోని నార్సిస్ దగ్గర వసంతంలో వేల సంఖ్యలో నేలలోంచి బయటికి వచ్చి ఇలాంటి ముద్దలే కడతాయి. అక్కడ మగవి పెద్ద ఆడవాటిని చిన్నవాటి కంటే ఎక్కువగా ఇష్టపడతాయని కూడా తేలింది.

ఆడది ఎందుకు పెద్దది

ఈ ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను.

మన మనసులో ఒక కొలత ఉండిపోయింది. పెద్దదైతే మగది, చిన్నదైతే ఆడది. పాముల్లో కొన్నిటికి అది నిజమే. జెర్రిపోతుల్లో మగవి పెద్దవి, తాచుల్లో కూడా మగవి పోట్లాడుకుంటాయి. రెండు మగ జెర్రిపోతులు పెనవేసుకుని, తలలు పైకెత్తి, ఒకదాన్నొకటి నేలకి అదమటానికి చూస్తాయి. దాన్నే మనవాళ్ళు పాముల సయ్యాట అంటారు. జెర్రిపోతు మగది, తాచు ఆడది, రెండూ జతకడతాయని నమ్ముతారు. తెల్లగుడ్డ తెచ్చి వాటి మీద వేసి ఇంట్లో దాచుకుంటారు. అక్కడ పెనవేసుకున్నవి రెండూ మగ జెర్రిపోతులే, అది కుస్తీ. కుస్తీలో బరువున్నది గెలుస్తుంది, గెలిచినది జతకడుతుంది. తరాల తరబడి అలా జరిగితే మగజాతి పెద్దదవుతుంది.

నీరుకట్టెల్లో ఆ కుస్తీ లేదు. నేను ఆ నాలుగు గంటలూ చూసింది ముందెవరు చేరతారన్న పోటీ. అందులో బరువు పెద్దగా కలిసిరాదు. తొందరగా పెద్దయి, తక్కువ తిండితో బతికి, ఎక్కువ దూరం తిరిగి ఆడదాన్ని వెతికి పట్టుకోగలగటం కలిసివస్తుంది. చిన్న ఒళ్ళు దానికి సరిపోతుంది. ఆడదాని లెక్క వేరు. దాని కడుపులో ఎంత చోటుంటే అన్ని గుడ్లు. నీరుకట్టె ఒక్కసారికి ముప్ఫై నుంచి డెబ్భై దాకా గుడ్లు పెడుతుంది, గుడ్ల సంఖ్య ఒంటి సైజుతో పాటే పెరుగుతుంది. ఆడది ఒక్క అడుగు పెరిగిందంటే ఒక్క విడతలో దాని పిల్లలు ఎన్నో పెరిగినట్టు. 1978లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రిక్ షైన్ ఎన్నో పాము జాతుల్ని పోల్చి చూసి ఇదే చెప్పాడు: మగవి పోట్లాడుకునే జాతుల్లో మగవి పెద్దవిగా ఉండే అవకాశం ఎక్కువ, పోట్లాట లేని జాతుల్లో సాధారణంగా ఆడవి పెద్దవి. నా పద్నాలుగేళ్ళ పనిలో ఈ ఒక్క మాట నాకు తెరిచినన్ని తలుపులు ఇంకేదీ తెరవలేదు.

నీళ్ళలో బతికే పాముల్లో ఈ తేడా ఎంత దూరం పోతుందంటే, వెనెజులా గడ్డిమైదానాల్లో హెసూస్ రివాస్ ఏళ్ళ తరబడి చూసిన ఆకుపచ్చ అనకొండల్లో ఆడది మగదాని కంటే సగటున 4.7 రెట్లు బరువు. అక్కడ కూడా బురదలో ఇలాంటి ముద్దలే, ఒక ఆడదాని చుట్టూ 13 మగవాటి దాకా, వారాల తరబడి. ఉత్తర ఆస్ట్రేలియాలోని అరఫురా ఫైల్ స్నేక్ అనే నీటిపాముల్లో సైజు తేడా తిండిని కూడా విడదీసింది. చిన్న మగవి లోతు తక్కువ నీళ్ళలో చిన్న చేపలు తింటాయి, పెద్ద ఆడవి లోతుకి పోయి పెద్ద చేపల్ని పడతాయి. ఒకే మడుగులో ఉంటూ తిండి దగ్గర ఒకదానికొకటి అడ్డురావు.

మా మేనల్లుడు అమెరికాలో ఒహాయోలో ఉంటాడు. వాడు ఈరీ సరస్సులోని ఒక దీవికి వెళ్ళినప్పుడు రాళ్ళ మీద ఇలాంటి ముద్దనే చూసి, "మామయ్యా, ఇవేంటి?" అని వీడియో పంపాడు. అవి అక్కడి నీటిపాములు. మే నెలాఖరు, జూన్ మొదట్లో ఒడ్డున ఇలా కనబడతాయి. గుడ్లు కాకుండా పిల్లల్నే కంటాయి. మన నీరుకట్టెని తాచు అనుకున్నట్టే అక్కడివాళ్ళు వాటిని విషపాములనుకుని చంపేవారు. 1999లో వాటిని ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలో చేర్చి కాపాడారు. ఆ సరస్సులోకి బయటి నుంచి వచ్చిపడిన రౌండ్ గోబీ అనే చేప వాటికి తిండిగా దొరికింది. తిండి పెరిగి పాములు పెద్దవయ్యాయి, సంఖ్య కోలుకుంది, 2011లో జాబితా నుంచి తీసేశారు. అదే కుటుంబం పాముల మీద కెనడాలోని ఒంటారియోలో డీఎన్ఏ పరీక్షలు చేస్తే సగానికి పైగా కాన్పుల్లో పిల్లలకి ఒకటి కంటే ఎక్కువ తండ్రులున్నట్టు తేలింది. మా తూము దగ్గర పక్కకి తప్పుకోకుండా ఉండిపోయిన ఆ మూడు మగవి వట్టినే ఉండలేదని నేను అనుకోవటానికి అదొక కారణం.

ఇప్పుడు చెరువు గట్టుకి తిరిగి వస్తాను. గట్టు మీద ముద్ద కనబడితే కర్ర ముందు దేని మీద పడుతుంది? పెద్దదాని మీద. విడిగా కనబడ్డా పెద్దదే ఎక్కువ భయపెడుతుంది, అదే చస్తుంది. నేను గట్ల మీద చూసిన చచ్చిన పొడుగాటి నీరుకట్టెల్లో చాలావరకు ఆడవి. వాటిలో కొన్నిటి కడుపు పగిలి గుడ్లు బయటికి వచ్చి ఉండేవి. ఆరు మగవాటిలో రెండు చచ్చినా ఆ చెరువు మీద వచ్చే ఏటి పిల్లల సంఖ్య దాదాపు మారదు. ఆ ఒక్క ఆడది చస్తే ఆ ఏడాదికి అక్కడ ఏమీ మిగలదు.

విడదీయకూడదని ఎలా నేర్చుకున్నానంటే

ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడు, గుడివాడ వైపు ఒక కాలువ పక్కన ఇలాంటి ముద్దనే చూశాను. చుట్టూ యాభై మంది జనం. త్వరగా తీసెయ్యమని ఒత్తిడి. పాములు ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయేమో అనుకుని చేత్తో విడదీశాను. మగవాటిలో ఒకదాని తోక నా చేతిలో తెగిపోయింది. జత కలిసి ఉన్న ఇంకొకదాన్ని లాగితే రక్తం వచ్చింది. మగ పాముల హెమిపెనిస్ మీద చిన్న ముళ్ళుంటాయి, లోపల పట్టుకుని ఉంటాయి, బలవంతంగా లాగితే రెండిటికీ గాయమవుతుంది. ఈ విషయం నాకు ఆ తర్వాతే తెలిసింది. ఆ పాములు బతికాయో లేదో తెలియదు. చేతిలో కదులుతూ ఉండిపోయిన ఆ తోక ముక్క మాత్రం ఈ రోజుకీ గుర్తుంది. ఈసారి హుక్ సంచిలోనే ఉంచటానికి కారణం అదే.

రైతు నా పక్కనే కూర్చుని చాలాసేపు చూశాడు. పదకొండు గంటలకి టీ తెప్పించాడు. అప్పుడు అడగాల్సింది అడిగాడు. "ఇవి నా సీడ్ తినెయ్యవా అండీ?"

తింటాయి. దాన్ని దాచటం నాకు ఇష్టం లేదు. నారు చెరువులో వేలెడు చేపపిల్లలు వేసిన రోజుల్లో నీరుకట్టె లోపలికి పోతే తింటుంది. పెంపకపు చెరువులో అరకేజీ దాటిన చేపని ఇది ఏమీ చేయలేదు, అక్కడ కప్పల్నీ, రైతుకి పనికిరాని చిన్న చేపల్నీ తింటుంది. నేను చెప్పింది నారు చెరువు చుట్టూ మాత్రం అడ్డు కట్టమని. వల కట్టొద్దన్నాను. సన్న నైలాను వలలో పాము సగం దూరి ఇరుక్కుంటుంది, రెండు రోజులు ఎండలో గింజుకుని చచ్చిపోతుంది. నేను కోసి విడిపించిన వాటికి లెక్కలేదు. నేలలోకి అరడుగు పాతిన ప్లాస్టిక్ షీటు చాలు, నున్నగా ఉంటే పాము ఎక్కలేదు. ఆయన మర్నాడే షీటు తెప్పించాడు.

కరిస్తే ఏమిటని కుర్రాళ్ళు అడిగారు. నీరుకట్టె కరుస్తుంది, గట్టిగానే కరుస్తుంది, రక్తం కాసేపు ఆగదు. మనిషికి ప్రాణాపాయం లేదు, సబ్బుతో కడగాలి, టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాలి. కానీ కరిచింది నీరుకట్టె అని పూర్తిగా తెలిస్తేనే ఈ మాట. గట్ల మీద తాచు, కట్లపాము, రక్తపింజరి కూడా తిరుగుతాయి. అనుమానం ఏమాత్రం ఉన్నా నేరుగా ఆసుపత్రికే పోవాలని వాళ్ళ చేత రెండుసార్లు అనిపించాను. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న పాము, చంపితే కేసు అవుతుందని కూడా చెప్పాను. వాళ్ళు కర్రలు కింద పెట్టింది మాత్రం చట్టం విని కాదు. అప్పటికి రెండు గంటలుగా చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు నాకంటే ముందే, "అన్నా, ఆ నల్లమచ్చది మళ్ళీ కిందికి దూరింది చూడు" అని చెప్పటం మొదలుపెట్టాడు.

మార్చి, మే

మార్చి రెండో వారంలో రైతు మళ్ళీ ఫోన్ చేశాడు. గట్టు బాగుచేయిస్తుంటే తూముకి ఇరవై అడుగుల దూరంలో ఎలుక బొరియలో గుడ్లు కనబడ్డాయి. పలుగు ఆపేశారు. నేను వెళ్ళి టార్చి వేసి చూస్తే లోపల గుడ్ల మీద చుట్ట చుట్టుకుని ఒక పెద్ద నీరుకట్టె. నీరుకట్టె ఆడవి గుడ్ల దగ్గర కాపలా ఉంటాయి. చుట్టలోంచి తోక బయటికి ఉంది. కొన తెగిన, నల్లబడిన మొండి తోక. అదే.

గుడ్లు కదపలేదు. ఆ పది అడుగులు వదిలేసి గట్టు పని ముందుకి నడిపించమన్నాను, బొరియ ముందు నాలుగు తూటి మండలు అడ్డం పెట్టించాను. కుర్రాళ్ళలో ఒకడు రోజూ దూరం నుంచి చూసి నాకు మెసేజ్ పెట్టేవాడు. "ఉంది అన్నా" అని ఒకే మాట.

మే మొదటి వారంలో ఒక రోజు ఆ మెసేజ్‌కి బదులు ఫోటో వచ్చింది. వాడి చెప్పు పక్కన, జానెడు కూడా లేని ఒక నీరుకట్టె పిల్ల, కంటి కింద రెండు గీతలు అప్పటికే స్పష్టంగా ఉన్నాయి. నేను వెళ్ళేసరికి తల్లి లేదు. బొరియలో ఖాళీ పెంకులు చేత్తో తీసి లెక్కపెట్టాం. నలభై ఏడు. పొదగనివి మూడు.